ఒకే థీమ్, అందరి బొమ్మలు: విద్యార్థుల గ్రూప్ ఎగ్జిబిషన్‌పై తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో హైస్కూల్, కాలేజీ పిల్లలు, వాళ్ళ డ్రాయింగ్ టీచర్లు బొమ్మల ఎగ్జిబిషన్ పెట్టాలనుకున్నప్పుడు మళ్ళీమళ్ళీ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. కొన్నిటికి జవాబు పెద్దది, కొన్నిటికి రెండు ముక్కలు చాలు.

ఎవరికి నచ్చిన బొమ్మ వాళ్ళు పెడితే పోదా? థీమ్ ఎందుకు?

పెట్టొచ్చు. సైన్స్ ఫెయిర్ జరిగేటప్పుడు పక్క గదిలో చాలా స్కూళ్ళు అట్లాగే పెడతాయి. వినాయకుడి పక్కన సినిమా హీరో, హీరో పక్కన తాజ్‌మహల్, ఆ పక్కన కొబ్బరిచెట్ల వెనక మునిగే సూర్యుడు. వచ్చినవాళ్ళు "ఎవరు బాగా వేశారు" అన్నదొక్కటే చూసుకుని వెళ్ళిపోతారు. థీమ్ ఉంటే వాళ్ళు వేసుకునే ప్రశ్నే మారిపోతుంది. థీమ్ పెన్నా నది అనుకోండి, అదే పెన్నను ఈ అమ్మాయి ఇసుకగా ఎందుకు వేసింది, ఆ అబ్బాయి వరదగా ఎందుకు వేశాడు అని ఆగి చూస్తారు. చేయి ఇంకా తిరగని పిల్లలకూ అప్పుడు చోటు దొరుకుతుంది. గీత వంకర పోయినా, వాళ్ళు చూసింది వాళ్ళకు తప్ప ఇంకొకరికి తెలియదు కదా. గ్రూప్ షో పెట్టడానికి ఇంతకంటే పెద్ద కారణం మాకు కనిపించలేదు.

మంచి థీమ్ ఎట్లా ఉండాలి? మన వైపు ఏవి బాగుంటాయి?

పిల్లలు బస్సెక్కి వెళ్ళి చూసి రాగలిగింది, వీలైతే చేత్తో ముట్టుకోగలిగింది అయితే మంచిది. "పర్యావరణం", "శాంతి" లాంటివి ఇస్తే అందరి కాగితాల మీదా ఒకే భూగోళం, ఒకే పావురం దిగుతాయి. అది పిల్లల తప్పు కాదు. అంత పెద్ద మాట వినగానే ఎవరికైనా ఎక్కడో చూసిన పోస్టరే గుర్తొస్తుంది.

నెల్లూరులో బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ చూడండి. కోరిక ఉన్నవాళ్ళు రొట్టె తీసుకుంటారు, తీరినవాళ్ళు మళ్ళీ వచ్చి రొట్టె ఇస్తారు. విద్య రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, సంతాన రొట్టె అని దేని పేరు దానికుంది. స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి, ఒకరికొకరు ముక్కూమొహం తెలియని ఇద్దరు రొట్టె మార్చుకోవడం చూసొచ్చిన పిల్లలకు "కోరిక" అని థీమ్ ఇవ్వండి. ఒకరు చేతులు మాత్రమే వేస్తారు. ఒకరికి నీళ్ళలో తేలుతున్న చీర అంచు కనిపిస్తుంది, ఇంకొకరికి రొట్టె మీద కాలిన మచ్చలు. మరో అమ్మాయి పండుగనే వదిలేసి, ఉద్యోగ రొట్టె పట్టుకున్న వాళ్ళ అక్క పుస్తకాల బల్ల వేసి తెస్తుంది. థీమ్ పండిందనడానికి అదే గుర్తు.

2021 నవంబరు వరద కూడా మంచి థీమ్. పెన్న పొంగి ఊళ్ళూ కాలనీలూ మునిగాయి, పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయింది. ఆ రాత్రి మేడ మీదికి ఏం మోసుకెళ్ళారో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి వేయమనండి.

ఉదయగిరి కొయ్య చెంచాలు, సైదాపురం అభ్రకం కూడా చేతికందే విషయాలే. అభ్రకం పొరలుపొరలుగా ఊడొస్తుంది కాబట్టి ఆ రేకులనే బొమ్మలో అతికించొచ్చు. పొడి మాత్రం వాడనివ్వకండి, ఆ ధూళి ఊపిరితిత్తులకు చేటు.

ప్రకాశం వైపు అయితే మా మొదటి ఓటు "రాయి"కి. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ నల్లటి రాయి, లోపల బంగారు రంగు చుక్కలు మెరుస్తుంటాయి. ఆ మెరుపును పోస్టర్ కలర్‌తో పట్టుకోవడమే పిల్లలకు పెద్ద పరీక్ష. క్వారీలోకి అనుమతి లేకుండా, పెద్దవాళ్ళు వెంట లేకుండా వెళ్ళొద్దు. పాలిష్ చేసే యూనిట్‌లో అడిగితే రాయిని దగ్గరగా చూడొచ్చు. ఇక మార్కాపురం పలకలు. థీమ్ పలకే అయినప్పుడు బొమ్మలు కాగితం మీద ఎందుకు, పలకల మీదే వేయించండి. చాక్‌పీస్ చెరిగిపోతుందని భయమైతే ఫిక్సేటివ్ స్ప్రే పల్చగా కొట్టండి, లేదంటే చెరిగితే చెరగనివ్వండి. పలక గుణమే అది.

పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, ఒంగోలు గిత్త, కంభం చెరువు, కొత్తపట్నం వలలు కూడా ఉన్నాయి. గిత్తను ఎంచుకుంటే ఒక జాగ్రత్త. అందరూ పక్కనుంచి నిలబడ్డ గిత్తనే వేసుకొస్తారు. మూపురం ఒక్కటే, గిట్ట ఒక్కటే, మేపే మనిషి చేతులు మాత్రమే అని ముందే విడగొట్టండి.

థీమ్ టీచర్ చెప్పాలా, పిల్లలే ఎంచుకోవాలా?

టీచర్ మూడు చెప్పండి, పిల్లలు ఒకటి పట్టుకుంటారు. మొత్తం పిల్లలకే వదిలేస్తే ఎక్కువ గొంతున్నవాళ్ళ మాటే నెగ్గుతుంది.

అందరూ ఒకే రకం బొమ్మ వేసుకొస్తే ఏం చేయాలి?

మొదటి వారం రంగులు ముట్టుకోనివ్వకండి. అందరినీ ఒకసారి అక్కడికి తీసుకెళ్ళి, నోట్‌బుక్‌లో అగ్గిపెట్టె సైజు గళ్ళు గీయించి, ఒక్కొక్కరితో ఆరు చిన్న స్కెచ్‌లు వేయించండి. మొదటి రెండూ అందరివీ ఒకేలా ఉంటాయి. పెన్న అంటే రంగనాయకుల గుడి గాలిగోపురం, దాని ముందు నీళ్ళు. మూడో దానికి వచ్చేసరికి తెలిసింది అయిపోతుంది, చూడటం మొదలవుతుంది. నాలుగో గడిలోనో ఐదో గడిలోనో చాకిరేవు బండ, ఇసుకలో ట్రాక్టర్ చక్రాల జాడ, ఎండిన పాయలో క్రికెట్ వికెట్లు దిగుతాయి. ఆ స్కెచ్‌లన్నీ ఒక బల్ల మీద పరిచి, ఎవరూ పట్టుకోని గడి ఏదో పిల్లలనే చూడమనండి. పెద్ద షీటు మీదికి వెళ్ళాల్సిన బొమ్మ చాలాసార్లు అదే అవుతుంది.

ఇంటర్నెట్ ఫొటో చూసి వేయొచ్చా? ఏఐతో చేసిన బొమ్మ తీసుకోవచ్చా?

కొంగ కాలు ఎట్లా వంగుతుందో తెలుసుకోవడానికి ఫొటో చూస్తే తప్పులేదు. ఎవరో తీసిన ఫొటోను గళ్ళు గీసి యథాతథంగా దించడం మాత్రం ఈ ప్రదర్శనకు పనికిరాదు. సొంత ఫోన్‌తో తీసుకున్న ఫొటోలు చాలు. ఏఐ బొమ్మ వద్దనే మా మాట. ఆ పిల్లవాడు స్వర్ణాల చెరువు గట్టు మీద ఎక్కడ నిలబడి ఏం చూశాడో దానికి తెలియదు, మేం అడిగేదేమో అదే.

ఎన్ని బొమ్మలు పడతాయి?

ముందు గోడ కొలవండి, ఆ తర్వాత బొమ్మలు పిలవండి. హాఫ్ ఇంపీరియల్ సైజు డ్రాయింగ్ షీటు 15 అంగుళాలకు 22. చుట్టూ మౌంటు, అంటే బొమ్మ చుట్టూ వదిలే అట్ట అంచు, కలిపితే నిలువు బొమ్మ సుమారు 20 అంగుళాల వెడల్పు వస్తుంది. పక్క బొమ్మకు కనీసం 10 అంగుళాల ఎడం కావాలి. అంటే ఒక్కో బొమ్మకు 30 అంగుళాలు, 40 బొమ్మలకు 100 అడుగుల గోడ. 30 అడుగులకు 40 అడుగుల హాలు చుట్టుకొలత 140 అడుగులే. తలుపులు, కిటికీలు, స్టేజీ తీసేస్తే ఎంత మిగులుతుందో మీరే లెక్కేసుకోండి. ఈ లెక్క వేసుకోనివాళ్ళే చివరి రోజు బొమ్మ మీద బొమ్మ ఇరికిస్తారు.

అందరి బొమ్మలూ పెట్టాలా? సెలక్షన్ చేయాలా?

పని పూర్తి చేసిన ప్రతి విద్యార్థిదీ ఒక్క బొమ్మ ఉండి తీరాలి. ఒక్కొక్కరు రెండు మూడు వేసుంటే వాటిలో ఏది పెట్టాలన్నది సెలక్షన్. ఆ ఒక్కటీ ఎంచేటప్పుడు చక్కగా ఉన్నదానికంటే మిగతావాళ్ళు చెప్పనిది చెప్పినదాని వైపు మొగ్గండి. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసిన పిల్లల పనిలో శుభ్రం ఉంటుంది, దాన్ని గౌరవించాలి. అట్లాగని గోడంతా వాళ్ళకే ఇచ్చేస్తే తక్కినవాళ్ళు మళ్ళీ బ్రష్ పట్టరు.

ఏ నెలలో పెడితే మంచిది?

అక్టోబరు, నవంబరు వద్దు. మన తీరానికి ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు వచ్చే రోజులవి. గాలిలో తేమకు కాగితం అలలు తేలుతుంది, జనమూ రారు. ఫిబ్రవరిలో ఇంటర్ ప్రాక్టికల్స్ మొదలైతే పిల్లలు దొరకరు, ఆ తర్వాత పదో తరగతి పరీక్షల టెన్షన్, ఆపైన ఎండలు. సంక్రాంతి సెలవుల తర్వాత జనవరి చివరి వారం, లేదా ఆగస్టు రెండో సగం చూసుకోండి. జనవరిలో పెడితే పండక్కి ఊళ్ళకు వెళ్ళిన పిల్లలు అక్కడే స్కెచ్‌లు వేసుకొస్తారు.

హాలు వాళ్ళు మేకు కొట్టనివ్వరు. ఎట్లా తగిలించాలి?

ఎక్కడికెళ్ళినా ఇదే మాట, వాళ్ళ సున్నం వాళ్ళకు ముఖ్యం. మూడు దారులున్నాయి. కిటికీ ఊచల నుంచి గానీ కర్టెన్ రాడ్ల నుంచి గానీ జీఐ వైరు (తుప్పు పట్టని ఇనుప తీగ) బిగువుగా లాగి, దానికి బైండర్ క్లిప్పులతో వేలాడదీయొచ్చు. తేలికైన బొమ్మలకు ఇది చాలు. రెండోది, 8 అడుగులకు 4 అడుగుల ప్లైవుడ్ షీట్లు రెండు తీసుకుని, పైన కలిపి కింద ఎడంగా నిలబెట్టి, కాళ్ళు జరగకుండా తాడు కట్టడం. రెండు వైపులా బొమ్మలు పడతాయి. మూడోది సరుగుడు కర్రలు. తీరం ఊళ్ళలో ఎక్కడైనా దొరుకుతాయి. చట్రంలా కట్టి ఉతికిన గోనె గుడ్డ బిగిస్తే గోధుమ రంగు నేపథ్యం వస్తుంది, దాని మీద ఏ రంగైనా నిలబడుతుంది.

టెంట్ హౌస్ వాళ్ళ సైడ్‌వాల్ గుడ్డకు బొమ్మలు గుచ్చడం మాత్రం వద్దు. ఫ్యాన్ వేయగానే గుడ్డతో పాటు బొమ్మలూ ఊగుతాయి, పిన్నుతో కాగితం మూల చిరుగుతుంది. పైగా వాళ్ళ గుడ్డలు ఎర్రవో పచ్చవో ఉండి బొమ్మలోని రంగును తినేస్తాయి.

బొమ్మ ఎంత ఎత్తులో ఉండాలి?

బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తులో ఉంచడం చాలా గ్యాలరీల అలవాటు. నిలబడ్డ మనిషి చూపు ఇంచుమించు అక్కడ పడుతుంది. బొమ్మల సైజులు వేరైనా మధ్యభాగాలు ఒకే వరుసలో ఉంటే గోడంతా ఒద్దికగా కనిపిస్తుంది.

మేకు కొట్టనిచ్చే చోట అది ఎక్కడ పడాలో లెక్క తేలికే. ఫ్రేము ఎత్తు 30 అంగుళాలు అనుకోండి, సగం 15. వెనక తీగను మధ్యలో పైకి లాగితే ఫ్రేము పై అంచుకు 3 అంగుళాలు కిందుగా ఆగింది. 57కు 15 కలిపి, 3 తీసేస్తే 69. నేల నుంచి 69 అంగుళాల దగ్గర పెన్సిల్ గుర్తు. ఒక పిల్లవాడు టేపు పట్టుకుని, ఒకరు గుర్తు పెట్టి, ఒకరు దూరంగా నిలబడి వంకర చూస్తే పని చకచకా సాగుతుంది. ప్రైమరీ పిల్లలు ఎక్కువగా వస్తారంటే మొత్తం వరుసను అరడుగు పైగా దించండి.

1874లో పారిస్‌లో ఇంప్రెషనిస్టులు అనే చిత్రకారుల బృందం వాళ్ళు మొదటిసారి కలిసి ప్రదర్శన పెట్టుకున్నప్పుడు బొమ్మల్ని రెండు వరుసలకు మించనివ్వలేదు. అప్పటి ప్రభుత్వ ప్రదర్శనలో నేల నుంచి కప్పు దాకా పేర్చేవాళ్ళు, పైన పడ్డ బొమ్మ ఎవరికీ కనిపించేది కాదు. మన హాళ్ళలో ఒక్క వరుసే మేలు.

ఏ బొమ్మ పక్కన ఏ బొమ్మ పెట్టాలి?

ఎగ్జిబిషన్ పెట్టడంలో అసలు పని ఇదే. దీనికి ఒక పూట పూర్తిగా కేటాయించండి. రోల్ నంబరు వరుస, క్లాసుల వరుస పక్కన పెట్టేయండి. బొమ్మలన్నీ గోడల వెంట నేల మీద ఆనించి, పిల్లలందరూ హాలు మధ్యలో నిలబడి చూడాలి. వరద బొమ్మ పక్కన ఎండిన పెన్న పెడితే రెండూ పెరుగుతాయి. రెండు వరద బొమ్మలు పక్కపక్కన పెడితే ఒకటి ఇంకొకటిని మింగుతుంది. ముదురు రంగుల పెద్ద బొమ్మ దూరపు గోడ మీద ఉంటే జనాన్ని లోపలికి లాగుతుంది. పెన్సిల్‌తో వేసిన చిన్న బొమ్మలకు దగ్గరికి వెళ్ళి చూసే మూల ఇవ్వండి. ఎందుకు జరిపారో జరిపిన పిల్లవాడే చెప్పాలి. ఆ పూట జరిగే వాదన నెల రోజుల క్లాసులో కూడా రాదు. టీచర్లు చేతులు కట్టుకుని వినండి, కష్టమే అయినా.

ఫ్రేములు కట్టించాలా?

అక్కర్లేదు. సన్‌బోర్డు అనే తేలికైన బోర్డు చాలు, ఫ్లెక్స్ షాపుల్లో దొరుకుతుంది. బొమ్మ వెనకంతా డబుల్ సైడ్ టేపు అతికిస్తే మాత్రం ఇక ఊడదు. సెలోటేపు కొన్నాళ్ళకు పసుపెక్కి మరక మిగులుస్తుంది. పల్చని కాగితం పట్టీని మడిచి, సగం బొమ్మ పై అంచు వెనక, సగం బోర్డుకు మైదా గంజితో అతికించండి. మ్యూజియంల వాళ్ళు కూడా గోధుమ పిండి గంజినే వాడతారు. తర్వాత తడిపితే శుభ్రంగా ఊడొస్తుంది.

లైట్లు?

ఎండ నేరుగా పడే కిటికీకి తెల్ల గుడ్డ కట్టండి. హాలోజన్ లైట్లు వేడెక్కుతాయి, కాగితం దగ్గర వద్దు. ఎల్ఈడీ తీసుకోండి, అన్నీ ఒకే రంగువి. సగం పసుపు, సగం నీలం అయితే నీళ్ళ బొమ్మలన్నీ రెండు రకాలుగా కనిపిస్తాయి. కరెంటు పోతే ఏం చేస్తారో ముందే హాలు వాళ్ళతో మాట్లాడుకోండి.

బొమ్మ కింద ఏం రాయాలి?

పేరు, తరగతి, బొమ్మ పేరు, దేనితో వేశారు, ఇవి చాలు. దానికి తోడు విద్యార్థి చెప్పిన రెండు వాక్యాలు, వాళ్ళ మాటల్లోనే, తెలుగులోనే. "ఈ చిత్రం ప్రకృతి సౌందర్యాన్ని తెలియజేస్తుంది" అని రాసుకొస్తే వెనక్కి పంపి, "ఇది ఎక్కడ చూశావు నాన్నా, అప్పుడు నీ పక్కన ఎవరున్నారు" అని అడగండి. వచ్చే జవాబే లేబుల్. అక్షరాలు 18 పాయింట్లకు తగ్గకుండా చూడండి. అమ్మమ్మలు, తాతయ్యలు కూడా వస్తారు.

ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చు, ఎక్కడ తగ్గించకూడదు?

ఫ్లెక్స్ బ్యానర్లు, శాలువాలు, మెమెంటోలు తగ్గించండి. కాగితం దగ్గర తగ్గించకండి. వాటర్ కలర్‌కు 300 జీఎస్ఎం మందపాటి షీటు ఇస్తే పిల్లల చేయి ఒక్క రోజులో మారడం మీకే కనిపిస్తుంది. చార్టు మీద నీళ్ళు ఆగవు, వాళ్ళు తమకు రాదనుకుంటారు. రంగులు కొనలేని పిల్లలుంటే ఎవరికీ తెలియకుండా అందరికీ ఒకే సెట్టు స్కూలే ఇవ్వాలి.

ఫస్ట్, సెకండ్ ప్రైజులు ఇవ్వాలా?

వద్దు. తల్లిదండ్రులు అడుగుతారు, దాతలు కూడా అడుగుతారు. అయినా వద్దు. ఒకే థీమ్ మీద కలిసి పని చేసి, కలిసి గోడ పేర్చుకున్న పిల్లల మధ్య రిబ్బన్ రాగానే ప్రదర్శన పోటీగా మారుతుంది. తర్వాత వచ్చేవాళ్ళు ఆ మూడు బొమ్మలే చూసి వెళ్తారు. 1884లో పారిస్‌లో ఇండిపెండెంట్ కళాకారుల సంఘం "జడ్జీలు లేరు, బహుమతులు లేవు" అన్న నియమంతోనే మొదలైంది. దాతలు ఉంటే ఆ డబ్బుతో పిల్లలందరినీ చెన్నై తీసుకెళ్ళండి. నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే ఎగ్మోర్ మ్యూజియం, చోళమండలం కళాకారుల గ్రామం రెండూ చూసి రావచ్చు. ఆ గ్రామాన్ని 1966లో కె.సి.ఎస్. పణిక్కర్, మద్రాసు ఆర్ట్స్ కాలేజీలో ఆయన విద్యార్థులు కలిసి మొదలుపెట్టారని వెళ్ళే ముందే చెప్పండి.

ముఖ్య అతిథిగా ఎవరిని పిలవాలి?

థీమ్‌కు సంబంధించిన మనిషిని. ఉదయగిరి చెంచాల మీద అయితే వాటిని చెక్కే అమ్మను, రాయి మీద అయితే క్వారీలో పని చేసిన పెద్దాయనను పిలవండి. అధికారులు కూడా వస్తే సంతోషం. కానీ ఉపన్యాసాలు పది నిమిషాలు దాటనివ్వకండి. ఎండలో నిలబెట్టిన పిల్లలు బొమ్మల గురించి చెప్పే ఓపిక పోగొట్టుకుంటారు.

జనం రారేమో అని భయంగా ఉంది.

ప్రతి విద్యార్థీ ఇంటి నుంచి ఇద్దరిని, స్కెచ్ వేసిన చోటి నుంచి ఒకరిని తీసుకురావాలని పెట్టుకోండి. సాయంత్రం ఏడున్నర దాకా తెరిచి ఉంచండి, దుకాణాల్లో, ఆఫీసుల్లో పని చేసేవాళ్ళకు అప్పుడే వీలు. ఒక ఆదివారం కలవాలి. ప్రతి గంటా ఇద్దరు పిల్లలు హాల్లో ఉండి వచ్చినవాళ్ళతో మాట్లాడాలి. తన బొమ్మ గురించి కాకుండా పక్కవాళ్ళ బొమ్మ గురించి చెప్పమనండి, సిగ్గు పోతుంది.

ఏదైనా బొమ్మ మీద ఎవరైనా అభ్యంతరం చెబితే?

పండుగ, గుడి, దర్గా, కులం, వరద సాయం, ఏ థీమ్‌లోనైనా ఇది రావచ్చు. ప్రారంభానికి వారం ముందే ప్రిన్సిపాల్‌కు, ఇద్దరు ముగ్గురు పెద్దలకు అన్ని బొమ్మలూ చూపించండి. గుర్తుపట్టేలా ఎవరి ముఖమైనా వేసుంటే వాళ్ళని అడగండి. అప్పటికీ ఎవరైనా వచ్చి కోప్పడితే ముందు టీచర్ మాట్లాడాలి, పిల్లని ముందుకు తోయకూడదు. గబుక్కున గోడ మీంచి బొమ్మ తీసేయడం ఆఖరి పని.

బొమ్మలు అమ్మొచ్చా?

విద్యార్థికీ ఇంట్లోవాళ్ళకూ ఇష్టమైతే. డబ్బంతా విద్యార్థిదే.

అయిపోయాక బొమ్మలు ఏం చేయాలి?

తీసేముందు ప్రతి బొమ్మనూ గోడ మీద ఉన్నట్టే ఒకటి, విడిగా ఒకటి ఫొటో తీయండి. మధ్యలో తెల్లకాగితాలు వేసి బల్లపరుపుగా పేర్చండి, చుట్ట చుట్టొద్దు. రిజిస్టర్‌లో సంతకం పెట్టించుకుని ఎవరిది వాళ్ళకు అప్పగించండి. మెట్ల కింద గదిలో పడేసి మరచిపోవడం చాలాచోట్ల జరుగుతుంది, పిల్లలకు అది ఎంత కష్టంగా ఉంటుందో వాళ్ళు బయటికి చెప్పరు.

వీలైతే ఇచ్చే ముందు ఒక వారం, ఏ ఊరిని చూసి వేశారో ఆ ఊళ్ళో పెట్టండి. పంచాయతీ ఆఫీసు వరండా అయినా, స్కూలు గది అయినా చాలు. హాలు దాకా రాలేనివాళ్ళు అక్కడ చూస్తారు, "మా రేవు ఇట్లా ఉండదే" అని తప్పులు కూడా చెబుతారు. ఆ మాటలు రాసుకోవడానికి బొమ్మల పక్కన ఒక నోటుపుస్తకం, దారంతో కట్టిన పెన్ను పెట్టడం మరచిపోకండి.